తోడల్లుడి కాలికి ఉన్ని బూట్లు

"చిన్ని బూట్లా? నా కాలికి చిన్ని బూట్లేమిటి డిజైనరమ్మా! అవి మా తోడల్లుడికివ్వండి. పాదమూ చిన్నదే, బుద్ధీ చిన్నదే. అతికినట్టు సరిపోతాయి!"

కుట్టు హాల్లో మిషన్లన్నీ హోరెత్తుతుండగా నేను అరిచిన అరుపు ఇది. హాలంతా నవ్వింది. హాలు నవ్వితే నేను ఆగను. ఇంకో రెండు మాటలు కూడా వడ్డించి, మీసం దువ్వుకుంటూ ప్యాకింగు గదికి వెళ్ళిపోయాను.

ఆవిడ అన్నది "ఉన్ని బూట్లు". మిషన్ల హోరులో నా చెవిన పడింది "చిన్ని బూట్లు". ఆ సంగతి తెలిసి పరుగెత్తుకొచ్చేసరికి మా తోడల్లుడు ట్రయల్ గదిలో, నా కుర్చీలో, నా పీట మీద కాలు పెట్టుకుని కూర్చున్నాడు. డిజైనరమ్మ వంగి మరీ అతని లేసులు కడుతోంది. ఇన్నేళ్ళలో నా లేసు నేనే కట్టుకున్నాను.

"అయ్యో, ఉన్నివా! నేను చిన్నివనుకున్నానండీ" అన్నాను.

"ఇప్పుడేం చేస్తాం పాదం గారూ, ఈయన తొడిగేసుకున్నారు. పైగా మీరే కదా ఈయన పేరు చెప్పింది!"

"ఇతని కాలు చిన్నది కదా?"

"చూపుకే అన్నయ్యా" అన్నాడు తోడల్లుడు, బొటనవేలు ఆడిస్తూ. "నంబరు మీదే. ఎనిమిది."

మా బూట్ల ఫ్యాక్టరీలో నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. పెద్దా చిన్నా అందరికీ నేను పాదం గారినే. కారణం ఏమిటంటే, మా దగ్గర ఏ కొత్త రకం బూటైనా ముందు ఎనిమిదో నంబరులో ఒకే ఒక్క జత తయారవుతుంది. దాన్ని ఒక మనిషి తొడుక్కుని పని వేళల్లో తిరగాలి. ఎక్కడ కరుస్తోందో, ఎక్కడ వదులుగా ఉందో చెప్పాలి. ఆ మనిషిని నేను. జీతం ప్యాకింగు మేస్త్రీగా, గౌరవం పాదంగా. కొందరు చేతివాటంతో పైకొస్తారు, నేను కాలివాటంతో వచ్చాను. మా ఎనిమిదో నంబరు చెక్క అచ్చు నా కాలిని చూసి చెక్కిందే. ముందు భాగం వెడల్పు, చిటికెనవేలి దగ్గర బుడిపె, మడమ దిట్టం. ఆ అచ్చు మీద కుట్టిన బూట్లు వేసుకుని ఎందరు నడుస్తున్నారో! వాళ్ళంతా నా అడుగుజాడల్లో నడుస్తున్నట్టే కదా. బళ్ళో అచ్చులూ హల్లులూ రాక బెంచీ ఎక్కినవాణ్ణి. ఇప్పుడు అచ్చు నాదైంది, హల్లులు మీరు పంచుకోండి అని భోజనాల వేళ హాల్లో అంటుంటాను. ఆడవాళ్ళు టిఫిను డబ్బాల మూతలు కొట్టి మరీ నవ్వుతారు.

ఇక తోడల్లుడు. మా ఆవిడ చెల్లెలి మొగుడు. లెక్కల గదిలో గుమాస్తా. ఇక్కడ ఖాళీ ఉందని కబురు చెప్పి తీసుకొచ్చింది నేనే. కాలు మోపడానికి చోటిస్తే ఏకంగా నా పీట మీదే కాలు పెట్టాడు.

ఆ బూట్లు చూశాను. చూడకుండా ఉండాల్సింది. బూడిద రంగు, మెత్తటి గొర్రె ఉన్ని. ఎక్కడా తోలు ముక్క లేదు. అడుగు భాగం చెరకు పిప్పితోనట, లేసులు పారేసిన ప్లాస్టిక్ సీసాలు కరిగించి తీసిన దారంతోనట. ఉన్ని మిల్లు వాళ్ళు తమ దగ్గరే కుట్టి నమూనాగా పంపారు.

"పర్యావరణానికి ఎంతో హితం" అంది డిజైనరమ్మ.

పర్యావరణానికి హితమే. నా పరువుకి అహితం.

"ఈ ట్రయల్ పాసైతే ఇక ముందు మనం చేసేవన్నీ ఉన్నివే పాదం గారూ. వాటికి కొత్త అచ్చు కావాలి. ఎలాగూ ఈయన తొడుక్కున్నారు కాబట్టి ఈయన కాలు చూసే చెక్కిద్దాం."

నాకు కాలింది. కాలే కదా కాలేది అనుకుని నవ్వబోయాను. నవ్వు రాలేదు. నా మాటకి నాకే నవ్వు రాకపోవడం అదే మొదటిసారి.

"ఎలా ఉంది తమ్ముడూ?" అని అడిగాను, కరుస్తోందంటాడేమోనన్న ఆశతో.

"ఏం చెప్పమంటారన్నయ్యా! కాళ్ళకి బూట్లున్నాయన్న సంగతే మర్చిపోయాను."

"మర్చిపోతే ఇక్కడ విప్పేసి పో. నేను గుర్తుపెట్టుకుంటాను."

ఇంటికి వెళ్ళేసరికి వార్త నాకన్నా ముందే చేరింది. మా ఆవిడ తలుపు తీస్తూనే అందుకుంది.

"ఏమండీ, మా మరిది గారి కాలు ఫోటో తీశారటగా! చెల్లి ఫోన్ మీద ఫోన్. కాలికి ఫోటో ఏమిటండీ? మన పెళ్ళి ఫోటోలో మీ మొహమే సగం పడలేదు."

"ఉన్ని గొడవలే, రెండ్రోజుల్లో పోతుంది."

"పోయేది ఉన్నో మీరో? మీ కాలికి కాలం చెల్లిందంటోంది చెల్లి. అది అలా అంటుంటే నేను ఊఁ కొట్టాలా? పెళ్ళైన దగ్గర్నుంచీ మా పుట్టింట్లో నేను తలెత్తుకు తిరుగుతున్నది మీ కాలిని చూసుకునే!"

నా పాదం మా ఆవిడ తలకి దన్నుగా ఉందని నాకు అంతవరకూ తెలియదు.

ఆదివారం మరదలూ తోడల్లుడూ భోజనానికి వచ్చారు. పిలిచింది మా ఆవిడే. ఎదురుగా కూర్చోబెట్టి ఏడవడం ఆవిడ పద్ధతి.

"బావగారూ, ఇక మీ కాళ్ళకి కాస్త సుఖం" అంది మరదలు. "పాపం ఎన్ని జతలు కరిచాయో, ఎన్ని బొబ్బలో! మా ఆయనకి మాత్రం ఒక్క బొబ్బ లేదు. ఏమండీ, అంతేగా?"

"అంతే అంతే" అన్నాడు తోడల్లుడు, కాళ్ళు కుర్చీ కిందికి లాక్కుంటూ. ఇంట్లో కూడా సాక్సులు వేసుకునే ఉన్నాడు. పెద్దమనిషి అయిపోయాడనుకున్నాను. రేపు అచ్చెక్కబోయే పాదం కదా, ఇప్పటినుంచే గాలి తగలనివ్వడం లేదనుకుని ఇంకాస్త ఉడికిపోయాను.

మర్నాడు ఫ్యాక్టరీ మెట్ల దగ్గర ఒక వింత చూశాను. ఎవరూ లేరనుకుని అతను మెట్టు మెట్టుకీ ఆగి, రెయిలింగు పట్టుకుని దిగుతున్నాడు. కుంటుతున్నాడు! నా ప్రాణం లేచొచ్చింది. ఎదురెళ్ళి, "ఏం తమ్ముడూ, కాలా?" అని అడిగాను.

నన్ను చూడగానే అతను నిటారుగా అయిపోయి, మిగిలిన మెట్లు పెళ్ళికొడుకులా దిగాడు. "కాలా? బ్రహ్మాండం అన్నయ్యా! నడవడం కాదు, తేలడమే!"

తేలుతుంది, తేలుతుంది, అన్నీ తేలతాయి అనుకున్నాను. కాని సాయంత్రం డిజైనరమ్మ అడిగితే మళ్ళీ అదే పాట. హాయి మేడమ్, హాయి. ఆ హాయి వింటుంటే నా కడుపులో పొయ్యి వెలిగింది. నిజంగానే అంత హాయిగా ఉన్నాయా? ఉంటే ఎంత హాయి? ఒక్కసారి, ఒకే ఒక్కసారి తొడిగి చూస్తేనేగాని నిద్ర పట్టేలా లేదు.

ట్రయల్ జత ఇంటికి పోకూడదన్నది మా దగ్గర మొదటినుంచీ ఉన్న నియమం. సాయంత్రం అచ్చుల గదిలో అప్పగించాలి, పొద్దున్న అక్కడే తీసుకోవాలి. ఆ గదిని చూసుకునే పెద్దాయన్ని అందరం అచ్చుల బాబాయి అంటాం. మర్నాడు పొద్దున్నే, ఆయన టీకి వెళ్ళడం చూసి లోపలికి దూరాను. బల్ల మీద ఉన్ని జత ఒద్దికగా కూర్చుని నాకోసమే చూస్తున్నట్టుంది. తలుపు దగ్గరికేసి, కాలు దూర్చాను.

ఏం చెప్పను! చిటికెనవేలి బుడిపె ఉంది చూశారూ, ఏ కొత్త జతలోనైనా మొదట అలిగేది అదే. దానికి అక్కడ ప్రత్యేకంగా గది కట్టించి ఉంచినట్టుంది. మడమ దగ్గర నిండుగా పట్టుకుంది. ముందు వేళ్ళన్నీ కుటుంబ సమేతంగా కాళ్ళు చాపుకున్నాయి. రెండడుగులు వేశాను. చప్పుడు లేదు. ఇంకో రెండడుగులు వేశాను. నా బరువు నాకే బరువనిపించలేదు.

ఈ బూట్లు నావి. నన్ను కోరుకుంటున్నాయి. రోజంతా ఇంకొకడితో తిరుగుతున్నాయి.

అక్కడినుంచి నా అసూయ జాతి మారింది. అంతకుముందు తోడల్లుడి మీద కోపం, ఇప్పుడు ఆ బూట్ల మీద కూడా కోపమే. లెక్కల గది కిటికీలోంచి అతని బల్ల కింద అవి కనబడితే చాలు, మొహం తిప్పుకునేవాణ్ణి. తిప్పుకుని, మళ్ళీ చూసేవాణ్ణి.

తేల్చే రోజు వచ్చింది. ట్రయల్ గదిలో డిజైనరమ్మ, తోడల్లుడు, నేను. ఏమవుతుందోనని హాల్లోని సగం మంది తలుపు దగ్గరే ఉన్నారు.

"ఆఖరి మాట చెప్పండి" అంది డిజైనరమ్మ.

"హాయి మేడమ్."

"మంచిది. సాక్సులు విప్పండి. అచ్చుకి కొలత తీస్తాను."

"సాక్సుల మీదనుంచి తీయకూడదా మేడమ్?"

"కాలికి అచ్చా, సాక్సుకి అచ్చా? విప్పండి."

విప్పాడు. రెండు మడమలకీ పట్టీలు. పట్టీల మీద పట్టీలు.

"ఇదేమిటండీ! రోజూ హాయి హాయి అన్నారు!"

"హాయే మేడమ్, మొదటి రోజు. నిజంగా హాయే. తర్వాత ఏమైందో, రోజురోజుకీ మడమ దగ్గర వదులై రాసుకోవడం మొదలెట్టింది. నా కాలిదే లోపమనుకున్నాను."

"మరి చెప్పలేదేం?"

అతను నా వైపు చూశాడు. "చెబితే అన్నయ్యకిచ్చేస్తారు. మా అత్తగారింట్లో ఎప్పుడు వెళ్ళినా ఒకటే మాట. పెద్దల్లుడి కాలికి అచ్చు చెక్కారు, పెద్దల్లుడి కాలికి అచ్చు చెక్కారు. ఒక్కసారి నా కాలికీ చెక్కితే బాగుండుననుకున్నాను. అదీ తప్పేనా?"

ఇన్నాళ్ళూ నేనొక్కణ్ణే ఉడుకుతున్నానని నా నమ్మకం. నన్ను చూసి ఉడికేవాడు కూడా ఒకడున్నాడని తెలిసేసరికి, సిగ్గు లేకుండా చెబుతున్నాను, లోపలెక్కడో చల్లగా తగిలింది.

డిజైనరమ్మ నిట్టూర్చింది. "అయితే ఉన్ని సాగిపోతోందన్నమాట. పనికిరాదు. నమూనా వెనక్కి పంపేసి, పాత తోలు రకాలే కానిద్దాం. పాదం గారి అచ్చు ఉండనే ఉంది."

నేను కోరుకున్నది అచ్చంగా అదే. నోరు మూసుకుని నిలబడితే చాలు, కుర్చీ నాది, పీట నాది, మా ఆవిడ తల మళ్ళీ పైకి. కాని ఆవిడ ఆ జతని డబ్బాలో పెడుతుంటే నా చిటికెనవేలు బూటు లోపల గిలగిల్లాడింది. పైగా నోరు మూసుకోవడం ఈ జన్మలో నేను నేర్చుకోని విద్య.

"ఆగండమ్మా. అవి సాగలేదు. సరిగ్గా ఉన్నాయి."

"మీకెలా తెలుసు?"

మీసం దువ్వుకోబోయి చెయ్యి దించేశాను.

"తొడిగి చూశాను."

తోడల్లుడు పట్టీలతోనే లేచి నిలబడ్డాడు. "అనుకున్నాను! దొంగచాటుగా వేసుకుని సాగదీశారా అన్నయ్యా?"

"ఒక్కసారే తమ్ముడూ! ఒక్కసారికే సాగడానికి ఇది కాలనుకున్నావా?"

"అవును, అది కాలు కాదు, రోలు!"

"నా రోలే నీకు లెక్కల గదికి దారి చూపించిందిరా!"

"అబ్బబ్బ, ఊరుకోండి" అంటూ జనాన్ని తోసుకుని అచ్చుల బాబాయి వచ్చాడు. చేతిలో తడిగుడ్డ. "పొద్దుపోతోంది, ఆ జత ఇటివ్వండి. తుడిచి అచ్చుకెక్కించాలి."

డిజైనరమ్మ డబ్బా మూత పట్టుకుని అలాగే ఆగిపోయింది. "ఏం చెయ్యాలి బాబాయ్?"

"అచ్చుకెక్కించాలమ్మా. ఇవాళ కొత్తగా అడుగుతావేం? ట్రయల్ జత ఏదొచ్చినా సాయంత్రం తడిగుడ్డతో తుడుస్తాను, అచ్చుకెక్కించి ఆరబెడతాను, పొద్దున్నే అచ్చు లాగేసి బల్ల మీద పెడతాను. లేకపోతే తోలు ముడతలు పడదూ?"

"ఇది తోలు కాదు బాబాయ్, ఉన్ని! తడిపి దేని మీద ఆరబెడితే దాని ఆకారం వచ్చేస్తుంది. ఏ అచ్చుకెక్కించారు?"

"ఎనిమిదో నంబరు జతకి ఎనిమిదో నంబరు అచ్చు. మన దగ్గర ఉన్నది అదొక్కటేగా. పాదం గారిది."

నేనూ తోడల్లుడూ మొహమొహాలు చూసుకున్నాం. అతను రోజంతా నడిచి తన కాలికి తగ్గట్టు సర్దుకున్న బూటు, తెల్లారేసరికి నా కాలిగా మారి కూర్చునేదన్నమాట. పాపం, అతని సన్నటి మడమ రోజూ నా దిట్టమైన మడమ ఇంట్లో అద్దెకున్నట్టుంది.

"మొదటి రోజు మిల్లు వాళ్ళు పంపినట్టే ఉందిగా జత. అప్పుడు నిజంగా హాయేనా?" అనడిగింది డిజైనరమ్మ.

"పిల్లల మీద ఒట్టు మేడమ్."

"పాదం గారూ, మీకు?"

"నన్నడక్కండి. ఏడుపొస్తుంది."

"అయితే ఇంకేం! ఎవరి కాలికి వదిలేస్తే వాళ్ళ కాలిదవుతుంది. అంతకన్నా ఏం కావాలి? ట్రయల్ పాస్. అచ్చుకెక్కించడం మానేస్తే సరి. కొత్త అచ్చు కూడా అక్కర్లేదు, మిల్లు వాళ్ళదే చాలు."

తోడల్లుడి మొహం వాడిపోయింది. నా మొహం ఎలా ఉందో అతని మొహమే చెప్పింది. అతని కాలూ కాదు, నా కాలూ కాదు.

తలుపు దగ్గరున్నవాళ్ళకి సగం అర్థమైంది, వెనకున్నవాళ్ళకి ఏమీ అర్థం కాలేదు. ఏమైందేమైందని హాలంతా ఒకటే గోల. ఎవరో వెళ్ళి మిషన్లు ఆపారు. నేను పీట ఎక్కాను. తోడల్లుణ్ణి కూడా రెక్క పట్టుకుని పక్కన నిలబెట్టుకున్నాను, మడమలు నేలకి ఆనకుండా.

"వినండర్రా! పగలు ఈయన కాలు, రాత్రి నా అచ్చు. పొద్దున్నే ఈయన తొడుక్కున్నది బూటు కాదు, నన్ను! ఈయన ఓర్చుకున్నాడు, నేను ఓర్వలేకపోయాను. ఉన్ని తప్పు లేదు, బాబాయి తప్పు లేదు, ఆయన ఎప్పుడూ చేసే పనే చేశాడు."

"మేడమ్ తప్పు?" అనడిగింది ముందు వరుస అమ్మాయి.

"తోలు పద్ధతి ఉన్నికి పనికిరాదని బాబాయికి చెప్పలేదు. అంతే" అంది డిజైనరమ్మ, ఒప్పేసుకుంటూ.

"అదంతా సరే" అంది వెనకనుంచి కుట్టుపని పెద్దమ్మ, "ఇంతకీ ఎవరి కాలు నెగ్గింది?"

మేమిద్దరం ఒకేసారి నోళ్ళు తెరిచాం. ఈలోగా బాబాయి తడిగుడ్డ భుజాన వేసుకుని చెప్పేశాడు.

"గొర్రెది. నాలుగు కాళ్ళ దానితో రెండు కాళ్ళ వాళ్ళకి పోటీ ఏమిటమ్మా?"