రెండు వేళ్ళ వదులు

వెచ్చగా ఉండే ఊళ్ళో ఉంటే మంచిదని డాక్టరు చెప్పాడు. చెప్పేముందు మాస్టరమ్మ కుడిచేతి వేళ్ళు ఒక్కొక్కటే వంచి చూశాడు. బొటనవేలు తప్ప మిగతా నాలుగూ సగం దాకా వంగి ఆగిపోయాయి. నొప్పికి మాత్రలు రాశాడు. ఊరి పేరు రాయలేదు.

ఆమె ఒక కోటు షాపులో కటింగ్ మాస్టర్. వయసు నలభై ఎనిమిది. షాపులో అందరూ మాస్టరమ్మ అంటారు. పంతొమ్మిదేళ్ళుగా అదే షాపు, అదే బల్ల. ఉన్ని బట్ట పరిచి, సుద్దతో గీసి, పన్నెండంగుళాల కత్తెరతో కోసి, ముక్కలు కుట్టేవాళ్ళకి ఇస్తుంది. ఊరు చలి ఊరు. ఏడాదిలో ఏడు నెలలు జనం కోటు లేకుండా గుమ్మం దాటరు. ఆ ఏడు నెలలూ పొద్దున్నే ఇరవై నిమిషాలు వేణ్ణీళ్ళ గిన్నెలో పెడితేగాని ఆమె చేతులు కత్తెర పట్టవు. పోయినేడు పది నిమిషాలు సరిపోయేది.

ఆమె భర్త సిటీ బస్సు డ్రైవరు. దక్షిణాన, రెండు రోజుల ప్రయాణంలో ఉన్న వెచ్చటి నగరంలో కూడా అతని సంస్థకు డిపో ఉంది. బదిలీ కావలసినవాళ్ళు నెలాఖరులోగా ఫారం ఇవ్వాలి. అతని తమ్ముడు ఎనిమిదేళ్ళుగా ఆ నగరంలోనే ఉంటున్నాడు.

డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చిన రోజు సాయంత్రం డ్రైవరు పాత క్యాలెండరు కాగితం ఒకటి చింపి, వెనకవైపు నిలువుగా గీత గీశాడు. ఎడమవైపు ‘వెళ్తే’ అనీ, కుడివైపు ‘ఉంటే’ అనీ రాశాడు. వెళ్తే వచ్చే లాభాలు ఎడమవైపు, ఉంటే వచ్చేవి కుడివైపు రాయాలన్నాడు.

“లాభం ఎవరికి?” అంది అతని తల్లి. ఆవిడకి డెబ్భై రెండేళ్ళు.

“అందరికీనమ్మా.”

“అందరికీ లాభమయ్యేది లోకంలో ఏదీ లేదు. కాగితం దండగ.”

అతను ఎడమవైపు ‘మంచు తవ్వక్కర్లేదు’ అని రాశాడు. గుమ్మం ముందు మంచు తవ్వేది అతనే. దాని కింద ‘తమ్ముడు ఉన్నాడు’ అని రాశాడు.

“అది ఇటు రాయి,” అంటూ తల్లి కుడివైపు వేలు పెట్టింది.

“వాడు నీ కొడుకేనమ్మా.”

“అందుకే చెబుతున్నా.”

ఆ కొడుక్కే ఫోన్ చేసి, అందరికీ వినబడేలా బల్ల మీద పెట్టారు.

“వదినా, వచ్చేయండి,” అన్నాడు మరిది. “ఇక్కడ చన్నీళ్ళ కుళాయి తిప్పితే వేణ్ణీళ్ళొస్తాయి.”

“మరి వేణ్ణీళ్ళ కుళాయి తిప్పితే?” అంది మాస్టరమ్మ.

“ఈ ఎనిమిదేళ్ళలో ఎవరూ తిప్పలేదు వదినా.”

డ్రైవరు ఎడమవైపు ‘వేణ్ణీళ్ళు’ అని రాశాడు. కాసేపు ఆలోచించి కుడివైపు ‘ఇంజన్’ అని రాశాడు. బస్సులో అతని సీటు ఇంజన్ పక్కనే. ఇక్కడ ఆ సీటు వరం. అక్కడ ఏమవుతుందో విడమరిచి రాయలేదు.

“నిండా మునిగినవాళ్ళకి చలేమిటే అమ్మాయ్,” అంది అత్తగారు. “పంతొమ్మిదేళ్ళు లేని చలి ఇప్పుడొచ్చిందా?”

“మునిగింది మనం కాదు అత్తయ్యా. నా వేళ్ళు.”

అత్తగారు కోడలి చేతుల వైపు చూసి, చూపు క్యాలెండరు మీదికి తిప్పుకుంది.

“అక్కడ కోట్లు ఎవరు వేసుకుంటారు?” అని మాస్టరమ్మ ఫోన్‌ని అడిగింది.

“కోటా? ఇక్కడ చొక్కా వేసుకునేదే మొహమాటానికి వదినా.”

ఫోన్‌లో బండి హారన్లు వినబడుతున్నాయి.

“ఇక్కడ పనుంది, చేతులు పోతున్నాయి,” అంది ఆమె. “అక్కడికెళ్తే చేతులుంటాయి, పనుండదు. ఇది ఎటు రాస్తారు?”

డ్రైవరు దాన్ని సరిగ్గా గీత మీద రాశాడు.

నాలుగు రోజుల తర్వాత మరిది మళ్ళీ ఫోన్ చేశాడు. హోటల్ సిబ్బందికి పల్చటి కోట్లు కుట్టే షాపు ఒకటి ఉందట. దాని యజమానురాలికి కటింగ్ మాస్టర్ కావాలట.

“ఆవిడ మహా గట్టిది వదినా. మా వదిన పంతొమ్మిదేళ్ళుగా కోటు మాస్టరు అని చెప్పాను. ‘మాటలు కాదు, ముక్కలు పంపమనండి’ అంది. కుట్టొద్దట. ఉత్త ముక్కలే.”

బట్ట, కొలతలు పార్సిల్‌లో వచ్చాయి. ఒంటి కొలత మీద ప్రతిచోటా అంగుళంన్నర వదులు వెయ్యాలని కాగితం మీద ఉంది. ఆదివారం పొద్దున మాస్టరమ్మ అన్నం తినే బల్ల తుడిచి, బట్ట పరిచి, గంటలో కోసేసింది. ఒంటి కొలత టేపుతో తీసుకుంది. వదులు వేళ్ళతో వేసింది.

వాళ్ళ షాపు పద్ధతే అది. కోటు ఒంటికి పట్టేసి ఉండకూడదు, లోపల స్వెట్టర్ పట్టాలి. ఆ వదులుకి ఎవరూ టేపు వాడరు. టేపు అందుకునేలోపు బట్ట జరుగుతుంది, వేళ్ళు ఎలాగూ బట్ట మీదే ఉంటాయి అనేవాడు ఇప్పటి యజమాని తండ్రి. ఆయన్ని పెద్దాయన అనేవాళ్ళు. దళసరి బట్టకి నాలుగు వేళ్ళు, పల్చటి బట్టకి రెండు. మాస్టరమ్మ పనికి అడగడానికి వచ్చిన రోజు పెద్దాయన ఆమె చెయ్యి స్టీలు స్కేలు మీద పెట్టించి చూశాడు. రెండు వేళ్ళు అంగుళంన్నర వచ్చాయి, నాలుగు వేళ్ళు మూడంగుళాలు వచ్చాయి. రేపటినుంచి రమ్మన్నాడు. అంతకుముందు వచ్చిన ఇద్దరికి వేళ్ళు సన్నమని పనివ్వలేదు.

ముక్కలు పంపిన తొమ్మిదో రోజున జవాబు వచ్చింది. చిన్న చీటీ.

‘కోత శుభ్రంగా ఉంది. ఛాతీ, నడుము, చేతులు, అన్నిచోట్లా పావంగుళం ఎక్కువ. మీ టేపు సాగిపోయినట్టుంది. కొత్తది కొనుక్కుని ఫోన్ చెయ్యండి.’

మాస్టరమ్మ చీటీ రెండుసార్లు చదివింది. మర్నాడు షాపులో టేపుని స్టీలు స్కేలు పక్కన పరిచింది. అంగుళానికి అంగుళం కలిసింది. తిరగేసి పరిచింది. అప్పుడూ కలిసింది. టేపు చుట్టి పక్కన పెట్టి, కుడిచేతి చూపుడు వేలు, మధ్య వేలు కలిపి స్కేలు మీద ఆనించింది.

అంగుళం ముప్పావు.

నాలుగు వేళ్ళూ పెట్టింది. మూడున్నర.

రెండు చలికాలాలుగా వేళ్ళు వాస్తున్నాయి. ఆ రెండు చలికాలాల్లో ఆమె కోసిన కోట్లు నాలుగు వందల పైచిలుకు. పక్కకి అరంగుళం చొప్పున ఒక్కో కోటుకి అంగుళం వదులు ఎక్కువ. ఆ నాలుగు వందల మందీ ఊళ్ళో తిరుగుతూనే ఉన్నారు. షాపు అద్దంలోంచి చూస్తే ఇద్దరు కనబడ్డారు.

ఆమె లోపలి గదిలోకి వెళ్ళి యజమానికి సంగతి చెప్పింది. ఆయనకి అరవై దాటాయి. గుండీల పెట్టెలు సర్దుకుంటూ విన్నాడు.

“ఎవరైనా కోటు వెనక్కి తెచ్చారా?”

“తేలేదండీ.”

“మరింకేం?”

“తేకపోయినంత మాత్రాన కొలత సరైనట్టు కాదు కదండీ.”

ఆయన గుండీలు వదిలేసి లేచి నిలబడ్డాడు. ఆయన ఒంటి మీదున్న కోటు పోయిన చలికాలం ఆమె కోసిందే. ఆమె పక్క కుట్టు దగ్గర బట్ట పట్టి చూపించింది. పట్టుకోవలసినదానికంటే ఎక్కువే చేతిలోకి వచ్చింది.

“నేను చిక్కాననుకున్నానమ్మా,” అన్నాడు యజమాని. “మా ఆవిడకి కూడా చెప్పాను. నిజమేననుకుని ఏడాదిగా రాత్రిపూట పాలు కాచి ఇస్తోంది.”

“క్షమించండి.”

“పాలకేం, బాగానే ఉన్నాయి.” ఆయన మళ్ళీ కూర్చున్నాడు. “ఇవాళ్టినుంచి టేపు వాడు. సరిపోతుంది. ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు. మా నాన్న ఉంటే ఒప్పుకునేవాడు కాదనుకో. ఆయన లేడుగా.”

ఆమె ఆ వారమంతా టేపుతో కోసింది. కొలతలు సరిగ్గా వచ్చాయి. యజమాని రోజుకోసారి వచ్చి స్కేలు పెట్టి చూసి, బాగుందని వెళ్ళేవాడు. గురువారం పొద్దున వేణ్ణీళ్ళ గిన్నె దగ్గర ఇరవై అయిదు నిమిషాలు పట్టింది. శుక్రవారం కుడిచెయ్యి మొరాయిస్తే ఎడమచేత్తో నొక్కి కత్తెర మూసింది. కోత వంకర పోలేదు. కానీ ఒక్క కోటు ముక్కలకి మధ్యాహ్నం దాకా పట్టింది. ఎంతసేపు పట్టిందని యజమాని అడగలేదు. ఆయన అడగలేదన్న సంగతి ఆమె గమనించింది.

శనివారం డ్రైవరుకి సెలవు. ఫారం ఇవ్వడానికి సోమవారం ఆఖరు.

“ఫోన్ చేస్తున్నా,” అంది మాస్టరమ్మ.

“కొలత సరిచేసుకున్నానని చెప్పు, అయిపోతుంది,” అన్నాడు డ్రైవరు. “ఇప్పుడు టేపుతోనే కోస్తున్నావుగా. అబద్ధం కూడా కాదు.”

“అబద్ధం కాకుండా మోసం చెయ్యడం నీకెవరు నేర్పార్రా?” అంది తల్లి.

“నువ్వు వద్దంటున్నదానివి కదమ్మా, నీకెందుకు?”

“వద్దన్నాను. దొంగమాట చెప్పి వెళ్దామని అనలేదు.”

అవతల ఫోన్ ఎత్తగానే కుట్టుమిషన్ల చప్పుడు వినబడింది. యజమానురాలి గొంతు దాని మీదుగా వచ్చింది.

“టేపు మార్చారా?”

“టేపు బాగానే ఉందండీ. నా వేళ్ళు వాచాయి. మాకు వదులు వేళ్ళతో వెయ్యడం అలవాటు. రెండేళ్ళుగా వాస్తున్నాయి. మీ చీటీ వచ్చేదాకా నాకు తెలియలేదు.”

మిషన్లు ఆడుతూనే ఉన్నాయి. డ్రైవరు కళ్ళు మూసుకున్నాడు.

“ఈ సంగతి నాకెందుకు చెప్పారు?” అంది ఆవిడ చివరికి. “టేపు మార్చానంటే సరిపోయేదిగా.”

“వెచ్చటి ఊరికొస్తే వాపు తగ్గచ్చన్నాడండీ డాక్టరు. తగ్గుతూ పోతే నా చెయ్యి రోజుకో కొలత చెబుతుంది. అందుకని ఇంక వేళ్ళతో కొలవను. టేపుతోనే. మొదట్లో నెమ్మదిగా కోస్తాను. మీకు ముందే తెలియాలి.”

“వాపు తగ్గకపోతే?”

“తగ్గకపోతే ఇక్కడ ఏమవుతుందో అక్కడా అదే అవుతుందండీ.”

మళ్ళీ మిషన్లు.

“మా బట్ట పల్చన. కత్తెర చిన్నది,” అంది ఆవిడ. “మూడు నెలలు ప్రతి ముక్కా నేను కొలిచాకే కుట్టుకి వెళ్తుంది. మా పాత మాస్టరుకి అది నచ్చక మానేశాడు. మీకు నామోషీ అయితే ఇప్పుడే చెప్పండి.”

“నేనే కొలవమనేదాన్నండీ.”

“వచ్చే నెల పదిహేనున రండి. భోజనం తెచ్చుకోండి, దగ్గర్లో ఏమీ దొరకదు.” ఫోన్ పెట్టేసింది.

మాస్టరమ్మ ఫోన్ బల్ల మీద పెట్టి చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

డ్రైవరు లోపల్నించి ఫారం తెచ్చాడు. పేరు, నంబరు, డిపో, ఎన్నేళ్ళ సర్వీసు, అన్నీ ఆగకుండా నింపాడు. ‘బదిలీకి కారణం’ దగ్గర ఆగాడు. రెండు లైన్ల గడి.

“భార్య అనారోగ్యం అని రాయనా?”

“నేనేం మంచం పట్టానా?” అంది మాస్టరమ్మ.

“వ్యక్తిగత కారణాలు?”

“అలా రాసినవాళ్ళ ఫారాలు అడుగున పెడతారని నువ్వే చెప్పావుగా,” అంది తల్లి. “ఉన్నది రాయి. అమ్మాయికి చేతులతో పని, చేతులకి ఈ చలి పడదు అని రాయి. అది చదివినవాడు కూడా స్వెట్టర్లోనే కూర్చుని ఉంటాడు.”

అతను అలాగే రాశాడు. ఒక లైనున్నర పట్టింది. కింద భార్య సమ్మతి సంతకం చోటు ఉంది. మాస్టరమ్మ పెన్ను తీసుకుంది. వేళ్ళు పెన్ను చుట్టూ పూర్తిగా ముడుచుకోలేదు. సంతకానికి మామూలుకంటే ఎక్కువసేపు పట్టింది. ఎవరూ తొందరపెట్టలేదు.

అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని ఫారం మొదట్నించి చివరిదాకా చదివింది. తన పేరు ఎక్కడా లేదని గమనించింది.

“నేను వస్తానో రానో ఇందులో అడగలేదేం?”

“బదిలీ నాదమ్మా.”

“సరే. మీ తమ్ముడికి ఫోన్ చెయ్యి. సాయంత్రాలు నేను నడవడానికి నీడున్న వీధి ఎక్కడుందో కనుక్కో. ఉందా అని అడగొద్దు. ఉందనేస్తాడు. ఎక్కడుందో అడుగు.”

డ్రైవరు ఫోన్ తీసుకున్నాడు.