వీధికొక్క తుపాకీ

వేగావతి ఏటి నీళ్ళు మా వీధి గుమ్మాలెక్కిన ఏడాది అది. వరద తీశాక కోతులు ఊరి మీద పడ్డాయి.

మాది బొబ్బిలి పక్క పల్లె. నలభై ఏళ్ళు నా బావమరిది నరసింగరావు కొట్లో వీణలు చెక్కాను. వరదకి దుంగలు తడిసి పని ఆగింది. ఊరికే కూర్చోలేక పనస ముక్కలతో ఒక తుపాకీ చేశాను. సైకిల్ ట్యూబు రబ్బరు లాగి మీట నొక్కితే మట్టి ఉండ ఎగురుతుంది. భుజానికి ఆనించే మడమ, గొట్టం, మీట, రబ్బరు, నాలుగూ విడివిడి. ఏది విరిగితే అదొక్కటే మార్చుకోవచ్చు. పొట్టివాళ్ళకి పొట్టి మడమ. కొబ్బరి చెట్టుకి పొడుగు గొట్టం. ఏదైనా దేనికైనా అమరుతుంది.

ఇరవై చేశాను.

"ఇంక నీ కొట్టుకి రాను," అన్నాను నరసింగరావుతో.

"అన్నీ అమ్మితే నానే నీ దగ్గిర పనికొస్తాను బావా. అమ్మలేకపోతే మట్టుకు నువ్వొచ్చీయాల," అన్నాడు.

మొదట ఎదురింటి కోడలు తులసి వచ్చింది.

"మావా, నాకు గొట్టం ఒకటియ్యి. మడమ జగన్నాధం మావోలు తీసుకుంతారట."

"మొత్తం తీసుకోవా?"

"ఎందుకూ? కలిపితే కలుస్తాదని నువ్వే సెప్పినావు కదేటి!"

మీట కృపానిధి ఇంటికి, రబ్బరు ధనరాజు ఇంటికి వెళ్ళాయి. మా వీధిలో నిచ్చెన ఒకరింట, గునపం ఒకరింట ఉంటాయి. అందరూ వాటితోనే గడుపుతారు. నాకు తెలియనిది కాదు. చేసేటప్పుడు తోచలేదు. ఊరికి నాలుగు వీధులు. వీధికొకటి చొప్పున నాలుగు తుపాకులు అమ్ముడుపోయాయి. పదహారు అటకెక్కాయి.

మళ్ళీ కోతులొచ్చి జనం చిక్కులో పడితే అప్పుడు ఇంటికొకటి కొంటారులే అనుకున్నాను.

ఒక మధ్యాహ్నం పెద్ద గుంపే దిగింది, జగన్నాధం మామిడి చెట్టు మీదికి. నరసింగరావు మా అరుగు మీదే ఉన్నాడు.

"ఓలమ్మా, వచ్చీసినాయి! మీట ఏదర్రా?" తులసి గొట్టం ఎత్తుకుని పరుగు.

"రబ్బరు కనబడ్డం నేదు!" ధనరాజు కేక.

"నిన్న నీ దూడకి కట్టినావు కదరా సచ్చినోడా!" జగన్నాధం మడమ ఊపుకుంటూ వచ్చాడు. కృపానిధి చర్చి బట్టల్లోనే మీట పట్టుకుని ఉరికాడు. వెనక పిల్లలు, కుక్కలు, దూడ.

నలుగురూ ఒకచోటికి చేరి చూస్తే, ఆ గోలకి చెట్టు మీద ఒక్క కోతీ మిగల్లేదు.

"తుపాకీ బాగున్నాది బావా," అన్నాడు నరసింగరావు. "బిగించక్కర్లేదు."

"ఇంకోటి కొంతావేటే?" అని మా ఆవిడ తాయారు తులసిని అడిగింది.

"ఇదే ఎక్కువ అత్తా!"

నాకు నవ్వాగలేదు. కళ్ళంట నీళ్ళొచ్చేదాకా నవ్వాను. తాయారు నా వీపు తడుతూ తనూ నవ్వింది.

మర్నాడు పొద్దున్నే ఉలులు సానబట్టుకుని వీణల కొట్టుకి వెళ్ళాను. నరసింగరావు ఆరిన దుంగ ఒకటి నా ముందుకి దొర్లించాడు.