గిటారు గొంతు మార్చిన డబ్బా

డ్యూటీ బట్టలు ఉతికితే మొదటి నీళ్లు నల్లగా పోతాయి, రెండో నీళ్లు బూడిదరంగులో పోతాయి, మూడో నీళ్లకు కూడా కాలరు తెల్లబడదు. గోదావరిఖనిలో, ఎనిమిదో ఇంక్లైన్ బొగ్గుబాయి కాలనీలో, 1973 ఎండాకాలంలో ఒకరోజు నేను రెండో నీళ్లు పిండుతుండగా మా ఆయన రాయమల్లు గడపలోంచి అన్నాడు.

"అనసూర్యా, పొద్దంత ఖాళీగనే ఉంటవ్ గద. గా పాత సామానంత సిరాజ్ భాయ్‌కి ఇచ్చి రా."

పాత సామానంటే ఆయన మొదలుపెట్టి విడిచిన పని. రాయమల్లు బొగ్గుబాయిలో ఫిట్టరు. సాయంత్రాలు కాలనీ ఆర్కెస్ట్రాలో కరెంటు గిటారు వాయించేవాడు. విదేశీ రికార్డుల్లో గిటారు గొంతు చీరుకుపోయినట్టు, బుర్రుమని మోగుతున్న రోజులవి. ఆ మోత తన గిటారుకూ రావాలని ఆయన ఆశ. గిటారుకూ స్పీకరుకూ మధ్య కాలితో నొక్కే చిన్న డబ్బా పెడితే వస్తుందట, దాన్ని ఫజ్ అంటారట. రేడియోలు బాగుచేసే సిరాజుద్దీన్ భాయ్ దగ్గర ఒక ఇంగ్లిషు పత్రికలో దాని బొమ్మ దొరికింది. రాయమల్లు రేడియో లోపలుండే మూడుకాళ్ల ట్రాన్సిస్టర్లు రెండు మాడ్చి, వేలు కాల్చుకుని, ఇది మనతోటి అయ్యేది కాదని మూట కట్టాడు.

నేనా మూటను దుకాణానికి తీసుకుపోలేదు. మా వెనక లైన్లో ఉన్న భాయ్ ఇంటికి, ఆయన భార్య హాజిరా ఆపా దగ్గరికి తీసుకుపోయాను. కాలనీలో ఎవరికీ తెలియనిది నాకొకటి తెలుసు. భాయ్ దుకాణంలో తీసుకున్న రేడియోల్లో సగం పరదా వెనక ఆపా చేతుల్లోనే బాగయ్యేవి. రెండేళ్లుగా మధ్యాహ్నాలు ఆమె పక్కన కూర్చుని తీగలు అతకడం నేర్చుకున్నాను. ఇంట్లో మాత్రం కుట్లు నేర్చుకుంటున్నానని చెప్పాను. మా అత్త పోశవ్వ అప్పుడప్పుడు అడిగేది, "రెండేండ్లయె, ఒక్క రవికన్న కుట్టినవా?" అని.

ఆపా ఆ బొమ్మను చాలాసేపు చూసి నవ్వింది. "కష్టమేం గాదు. రెండు ట్రాన్సిస్టర్లకు దోస్తీ కుదరాలె, అంతే."

ఆ దోస్తీ కుదర్చడానికి ఇరవై రోజులు పట్టింది. చచ్చిన రేడియోల్లోంచి పీకిన ట్రాన్సిస్టర్లు ఒక్కొక్కటీ ఒక్కో స్వభావం. ఒకటి వేస్తే గొణుగుడు, ఇంకొకటి వేస్తే చప్పుడే ఉండదు. ఆపా నా మణికట్టు పట్టుకుని చెప్పేది, "దాని కాలును చిమటాతోటి పట్టు. వేడి పైకెక్కితె దాని పానం పోతది." నీళ్ల పంపు దగ్గర వరుస, అత్తకు కషాయం, ఏ షిఫ్టుకు ఆ వేళకు క్యారియర్. ఇవన్నీ అయ్యాక మిగిలిన గంటలో నా చేతులు నావయ్యేవి. పాత ఇనుప స్విచ్చుడబ్బాలో అన్నీ అమర్చాను. మొదట ఒకటే హోరు. డబ్బాకు కూడా ఎర్తు తీగ కలపాలని ఆపాకే తట్టింది.

రాయమల్లు మొదటి షిఫ్టులో ఉన్న రోజు ఆయన గిటారు తెచ్చాను. దాన్ని తుడవడానికి తప్ప నేను ముట్టకూడదు. ఆపా ఇంట్లో పెద్ద రేడియోకు వెనకనుంచి కలిపి, డబ్బా నొక్కి, లావు తీగ మీటాను. గది గోడలు బుర్రుమన్నాయి. చిన్నప్పుడు మా ఊళ్లో ఎల్లమ్మ కథ చెప్పేవాళ్ల జమిడిక ఇలాగే మోగేది. పొట్టలోంచి వచ్చే మోత అది. నాకు వాయించడం రాదు. ఆ ఒక్క తీగనే మళ్లీ మళ్లీ మీటుతూ కూర్చున్నాను. ఆపా చెంగుతో కళ్లు ఒత్తుకుంటూ, "రాంగ పొగ," అంది. తీగలు అతికే తగరాన్ని ఆమె రాంగ అనేది. అప్పటికి సోల్డరింగు కడ్డీ చల్లారి చాలాసేపయింది. ఇన్నేళ్ల తర్వాత కూడా యవ్వనమంటే నాకు ఆ మధ్యాహ్నమే.

ఆ సాయంత్రం డబ్బా ఇచ్చి నేనే చేశానని చెబితే, రాయమల్లు దాని మోత విని ఎగిరి గంతేసినంత పని చేశాడు. "మంచిగ అతికించినవే," అన్నాడు. అతికించడమట. కవరు మీద స్టాంపు బిళ్ల అతికించినట్టు.

తర్వాతి నెల కాలనీ క్లబ్బులో ఆయన దాన్ని నొక్కగానే జనం లేచి నిలబడ్డారు. మైకు పట్టుకున్న మనిషి, ఈ మిషను ఎక్కడ కొన్నారని అడిగాడు. "కొనలే. నేనే చేసిన. రెండు నెలలు నిద్ర లేదు," అన్నాడు రాయమల్లు. ఆడవాళ్ల చాప మీద నా పక్కన కూర్చున్న సారవ్వ, "నీ మొగని చేతిల ఇద్దె ఉన్నది పిల్లా," అంది. రెండో పక్కన బురఖాలో ఆపా. ఆమె నా వేళ్లను గట్టిగా పట్టుకుంది.

ఇంటికి నడుస్తూ నా పేరెందుకు చెప్పలేదని అడిగితే రాయమల్లు మెత్తగానే చెప్పాడు. "నువ్వు చేసినవంటె నవ్వుతరు. అయినా మనం ఇద్దరం ఒకటే గద." నేనూ సరే అనుకున్నాను. ఉతుకుతూ, వండుతూ, ఊడుస్తూ నెలంతా ఆ మాటే నమిలాను. ఇద్దరం ఒకటే అయినప్పుడు ఆ ఒకటి ప్రతిసారీ ఆయనే ఎందుకవుతాడో నాకు అంతుపట్టలేదు.

అప్పుడే మందమర్రి ఆర్కెస్ట్రా నుంచి ఆగయ్య అనే గిటారు మనిషి వచ్చాడు. తనకూ ఒక డబ్బా కావాలన్నాడు. ముందుగదిలో రాయమల్లు వాయించి చూపించాడు.

"మోత మంచిగనే ఉన్నదన్నా. జర పీలగున్నది. బరువు రావాల్నంటె లోపల ఏది మార్చాలె?"

రాయమల్లు డబ్బాను అటూ ఇటూ తిప్పాడు. "అనసూర్యా, చాయ్ పట్టుకరా," అని కేకేశాడు. ఆ కేక చాయ్ కోసం కాదని నాకు తెలుసు. కప్పు అందిస్తూ జవాబు ఆయన చెవిలో ఊదాలి. కప్పులు పెట్టి, కొంగు దోపుకుని, వాళ్లిద్దరి మధ్య నేల మీద కూర్చున్నాను. మరలు విప్పి మూత తీశాను.

"గిటారు తీగ వచ్చి కలిసేకాడ ఈ కండెన్సరున్నది సూడన్న. దీనికన్న పెద్దది వెయ్యాలె. బరువొస్తది."

ఆగయ్య నా మొహం చూశాడు. "నీకెట్ల ఎరుకక్కా?"

"చేసింది నేను. నేర్పింది హాజిరా ఆపా."

ఆగయ్య కప్పు కింద పెట్టి, "అయితె నా డబ్బా సంగతి నీతోనే మాట్లాడాలె," అన్నాడు. రాయమల్లు చెప్పులేసుకుని బయటికి వెళ్లిపోయాడు.

మూడు రోజులు ఆయనకు నాతో మాటల్లేవు. "మొగని ఇజ్జత్ తీస్తివి," అంది పోశవ్వ. తిట్టిన నోటితోనే, "గది నిజంగ నువ్వే చేసినవా?" అని మెల్లగా అడిగింది. అవునన్నాను. నా చేతులకేసి చూసింది.

నాలుగో రోజు పొద్దున రాయమల్లు డబ్బా పట్టుకుని వచ్చాడు. రిహార్సల్లో దాని లోపలి తీగ తెగిందట. నేను అప్పుడే ఆగయ్యకు చేస్తున్న దాన్ని ముందేసుకుని కూర్చున్నాను, ఈసారి మా ఇంట్లోనే, ముందుగదిలోనే. ఆయన డబ్బాను నా పక్కన పెట్టి, గోడకేసి చూస్తూ, "జర సూడరాదు," అన్నాడు.

"సూస్త. పొయ్యి మీద అన్నం ఉడుకుతున్నది. నువ్వు వంచు."

ఆయన అక్కడే నిలబడ్డాడు. నేను తలెత్తలేదు. చిమటాతో పట్టిన కాలు వదిలితే ట్రాన్సిస్టరు వేడెక్కుతుంది. కాసేపటికి ఆయన అడుగులు వంటగది వైపు వెళ్లాయి, అక్కడ గిన్నెల మధ్య ఏదో వెతుకుతున్న చప్పుడయింది.

"మసిగుడ్డ ఏడుంటది?"

మా పెళ్లయి అప్పటికి తొమ్మిదేళ్లు.