ఫాస్ఫరస్‌లో ఫస్టు

డయాలసిస్ గదిలో గోడకి ఒక అట్ట ఉంది. నెల పరీక్షలో రక్తంలో ఫాస్ఫరస్ అదుపులో ఉంటే మంచం నంబరు పక్కన సిస్టర్ ఎర్ర నక్షత్రం అంటిస్తుంది. అదుపు తప్పినవాణ్ని అందరి ముందూ కడిగేస్తుంది. పెయింటర్‌కి వరసగా ఎనిమిది నక్షత్రాలు.

ఎలా వచ్చాయో పక్క మంచం మేస్త్రీకి తెలుసు. పెయింటర్ నెలంతా అన్నీ తిని, ఫాస్ఫరస్ తగ్గించే మాత్రలు మరిచి, పరీక్షకి మూడు రోజుల ముందు నుంచీ కడుపు మాడ్చుకుంటాడు.

"ఏం బావా, పబ్లిక్ పరీక్షలా?"

"నోర్ముయ్యి. నీకు ఒక్క చుక్కన్నా రాలేదని కుళ్లు."

"నేను తిని చస్తున్నా, నువ్వు తినక చస్తున్నావు. అంతేగా!"

కాళ్లలో ఎముకలు పీకేస్తున్నాయని పెయింటర్ ఆరు నెలలుగా మొత్తుకుంటున్నాడు. నిచ్చెన ఎక్కలేకపోతే అతనికి పనే లేదు. ఎందుకు పీకుతున్నాయో తేల్చే రక్తపరీక్ష ఉంది, పీటీహెచ్ అంటారు. ఒంట్లో ఫాస్ఫరస్ పెరిగితే మెడలోని గ్రంథులు ఎముకల్ని తోడేస్తాయి; ఎంత తోడేస్తున్నాయో అది చెబుతుంది. కానీ ఫాస్ఫరస్ ఎక్కువుంటేనే అది రాయాలని సెంటర్ నియమం. ఆ నియమం పెట్టినవాడు ఒక్కరోజన్నా ఆ మంచం మీద పడుకున్నాడా?

"సిస్టరమ్మా, ఆ పరీక్షేదో నాకూ రాయించండి."

"నీకెందుకయ్యా? నీది బ్రహ్మాండంగా ఉంటే!"

ఇంటికెళ్లాక భార్య అంది: "పస్తులుంటున్నానని చెప్పెయ్. రాస్తారు."

"ఎనిమిది నెలలు మోసం చేశానని చెప్పమంటావా? అందరి ముందా?"

చెప్పలేదు.

తొమ్మిదో నెలలో నిచ్చెన రెండో మెట్టు మీద పక్కకి తిరిగాడు. పడలేదు, తిరిగాడంతే. తుంటి ఎముక పుటుక్కుమంది. అప్పుడు రాశారు పీటీహెచ్. ఆరువందలు దాటకూడనిది రెండువేల నూటనలభై. ఎముక పెళుసైపోయింది, స్క్రూ పట్టదు, ఇక నడవలేడని డాక్టర్ తేల్చేశాడు. భార్య అప్పుడు నిజం చెప్పింది.

"ముందే చెప్పాల్సిందమ్మా," అన్నాడాయన.

ముందే అడగాల్సింది అని మాత్రం ఒక్కడూ అనలేదు.

వారం తిరక్కుండా పెయింటర్‌ని స్ట్రెచర్ మీద మళ్లీ అదే మంచానికి తెచ్చారు. భార్య క్యారేజీ విప్పి ముద్ద కలిపింది. అతను మొహం తిప్పుకున్నాడు.

"సోమవారం పరీక్ష."

"ఇంకెందుకయ్యా నీకు పరీక్ష?"

"సిస్టర్ తిడుతుందే," అన్నాడు, అట్ట వైపు చూస్తూ.