ఖాళీగా ఉంచిన తారీఖు

"గట్టిగా రుద్దవే. ఎప్పటికైనా నువ్వు పడుకునేది ఇక్కడే" అంది అత్తయ్య, సమాధి పక్క బెంచీ మీద కూర్చుని.

పోయినవాళ్ళ పండగ రేపే. నేను మోకాళ్ళ మీద కూర్చుని రాతి మీద నాచు గీకుతున్నాను. మామగారి పేరు, అత్తయ్య పేరు, మా ఆయన పేరు, ఆ కింద 'కోచిష్ దెజో భార్య'. అది నేనే. బతికున్నవాళ్ళ పేర్లు కూడా ముందే చెక్కించడం మా వాడుక. నేను పుట్టిన ఏడు వేసి, గీత గీసి, పోయే ఏటికి చోటు వదిలారు. బోర్బాలా అన్న నా పేరు మాత్రం ఎక్కడా లేదు.

మ్యూజియంలో నా ఉద్యోగమూ ఇలాంటిదే. పళ్ళ బ్రష్షుతో అవార్ల ఎముకలు కడుగుతాను. పద్నాలుగు వందల ఏళ్ళ కిందట తూర్పు గడ్డి మైదానాల నుంచి గుర్రాల మీద వచ్చి ఈ నేలని ఏలినవాళ్ళు. "నీ చేతులు శవాల వాసన" అంటాడు దెజో. ఆ చేతులు వండిందే మారు వడ్డించుకుంటాడు.

మా అమ్మ సమాధి తిసా నది అవతల ఊళ్ళో ఉంది. సమాధి చోటు కొన్నేళ్ళ అద్దెకే ఇస్తారు మా దగ్గర, దాని గడువు తీరిపోయింది. డబ్బు కట్టి గడువు పొడిగించుకోకపోతే రాయి పీకేసి ఆ చోటు ఇంకొకరికి ఇస్తారు. రాతికి పసుపు కాగితం అంటించారని, పండగ దాటితే తీసేస్తారని అమ్మ పక్కింటావిడ ఫోన్ చేసింది. దెజోకి చెప్పాను. "ఇంటికి ఒక సమాధి చాలు. నీ చోటు ఇక్కడుందిగా" అన్నాడు, పళ్ళెంలోంచి తల ఎత్తకుండా.

సరే అన్నాను. సూపులో ఉప్పు సరిపోయిందా అని కూడా అడిగాను.

నిన్న మధ్యాహ్నం, ఎముకల్లోంచి డీఎన్ఏ తీసే పిరోష్క కాఫీ పట్టుకుని నా బల్ల దగ్గరికొచ్చింది.

"తేలిపోయింది బోరీ. ఈ అవార్ల శ్మశానంలో మగాళ్ళందరిదీ ఒకటే వంశం. తాత, కొడుకు, మనవడు. భార్యలు మాత్రం తలా ఒక చోటు నుంచి వచ్చారు. ఇక్కడ రక్తాలు కలిశాయంటే ఆడవాళ్ళ వల్లే."

"వీళ్ళ కూతుళ్ళో?"

"పెళ్ళీడు దాటింది ఒక్కతీ లేదు. బయటికి పంపేసినట్టున్నారు."

"ఈ భార్యల తల్లులు?"

"ఎక్కడని వెతకనమ్మా?" నవ్వేసి వెళ్ళిపోయింది.

నా చేతిలో ఒకామె దవడ ఉంది. ఆమెని తల్లికి దూరం చేసినవాళ్ళని మనసారా తిట్టుకున్నాను. అంతలోనే సిగ్గేసింది. నన్నెవరూ గుర్రం మీద ఎత్తుకురాలేదు. నా మెడ మీద ఏ కత్తీ లేదు. మా అమ్మని చెరిపెయ్యడానికి నా 'సరే' చాలింది.

"ఏవే, చెయ్యి ఆపావేం?" బెంచీ మీంచి అత్తయ్య అరుపుకి మళ్ళీ ఈ రాతి దగ్గరికొచ్చాను.

లేచాను. బకెట్టులో మురికి నీళ్ళు పారబోసి, చామంతుల కుండీ ఒకటి చంకన పెట్టుకున్నాను.

"అది మీ మామయ్యకి తెచ్చింది!"

"మా అమ్మకి తీసుకెళ్తున్నానత్తయ్యా. బస్సు టైమయింది. ఆ ఊళ్ళో శ్మశానం ఆఫీసు మూసేలోపు చేరి గడువు కట్టాలి."

"మరి రాత్రికి వంట? వాడికి ఏం చెప్పనే?"

"రాతిలో చివరి వరుస తీయించెయ్యమనండి. నేను మా అమ్మ పక్కన పడుకుంటాను."

గేటు దాటేదాకా తప్పు చేస్తున్నట్టే అనిపించింది. దాటాక కూడా. అయినా నడిచాను.