కనబడని వరుస

"రొట్టె మాడుతుంది, జర చూడు," అన్నది అమృతమ్మ కోడలితో.

నవనీత పెనం మీది జొన్నరొట్టెను తిప్పింది గానీ, ఆమె మనసంతా ముందు గదిలోనే ఉంది. గద్వాలలో తమ ఇంటి ముందు గదినే కంప్యూటర్ షాపుగా మార్చుకున్న ఆమె భర్త జితేందర్, నిన్నటి నుంచి ఒకే మిషన్ ముందు కూర్చున్నాడు. మానవపాడు దిక్కున ఒక కాలేజీ వాళ్ళు తమ పాత కంప్యూటర్లకు విండోస్ బదులు లినక్స్ అనే ఉచిత సిస్టమ్ ఎక్కించమని ఇచ్చారు. పాతవి కదా, చురుగ్గా నడవాలని, అక్కర లేదనిపించినవన్నీ తీసేసి అతను సిస్టమ్ తయారు చేశాడు. తెర, కీబోర్డు, డిస్కు నడుస్తున్నాయి, కొత్త యూఎస్‌బీ ప్రింటర్ ఒక్కటే పలకడం లేదు. రేపటికి పలకకపోతే ఆ పని వేరేవాళ్ళకు పోతుంది.

నవనీత కంప్యూటర్ సైన్సులో డిగ్రీ చేసింది. పెళ్ళిచూపుల నాడు "ఇద్దరం కలిసి షాపు నడుపుదాం" అన్నాడు జితేందర్. అది అబద్ధం కాదు, నిజంగానే అనుకున్నాడు. కానీ షాపు తెరిచాక వచ్చినవాళ్ళకు చాయ్ ఎవరో ఒకరు పెట్టాలి, కీబోర్డుల దుమ్ము ఎవరో ఒకరు దులపాలి. ఆ ఎవరో ఒకరు తానే ఎప్పుడైపోయిందో ఆమెకే తెలియలేదు. ఎవరూ ఒక్క మాట అన్నది లేదు. ఎప్పుడైనా మిషన్ దగ్గరికి పోతే, "నీకెందుకు పరేషాన్, నేను చూస్కుంట గద" అని ప్రేమగానే అనేవాడు. కోపానికైతే ఎదురు చెప్పవచ్చు. ప్రేమకు ఎట్లా చెప్పాలో తెలియక ఊరుకునేది.

రొట్టె పళ్ళెం పట్టుకుపోయి తెర వైపు చూసింది. సిస్టమ్‌లో ఏ పరికరానికి చోటివ్వాలో ఎంచుకునే పట్టిక అది.

"ప్రింటర్ వరుసనే కనబడ్తలేదు," అన్నాడు జితేందర్.

"పీసీఐ బస్ తీసేసినవ్ గద. యూఎస్‌బీ దాని మీదనే ఆధారపడ్తది. అది పెట్టంది ఇది కనబడది."

"ఏ బస్సు?" అంది వెనకే వచ్చిన అమృతమ్మ. "మానవపాడు బస్సా?"

ఇద్దరూ నవ్వేశారు. "కాదత్తమ్మా. మిషన్ లోపల సామాన్లు ఒకదానితోని ఒకటి మాట్లాడుకునే తొవ్వ."

"మరి తెల్సినదానివి నిలబడ్డవేంది? కూసోని చెయ్యి. రొట్టెలు నేను చేస్త."

జితేందర్ లేచి కుర్చీ ఇచ్చాడు. ఆమె బస్‌ను ఎంచుకోగానే యూఎస్‌బీ వరుసలు, వాటి కింద ప్రింటర్ బయటపడ్డాయి. సిస్టమ్ మళ్ళీ తయారయ్యేసరికి సాయంత్రమైంది. మొదటి కాగితం బయటికి వచ్చినప్పుడు జితేందర్ ఆమె చేయి పట్టుకుని వదల్లేదు.

అంతలో కాలేజీ నుంచి బాలరాజు సారు ఫోన్ చేశాడు.

"అయింది సార్," అన్నాడు జితేందర్. "మా షాపుల పిల్లగాడు చేసిండు."

ఆ షాపులో పిల్లగాడెవడూ లేడు. ఫోన్ పెట్టాక అతను ఆమె ముఖం చూడలేకపోయాడు. "ఇంటామె చేసిందంటే నమ్మరని..."

"వాళ్ళు నమ్మేది నమ్మంది వాళ్ళిష్టం. నువ్వు నమ్మితివి గద."

ఆమె ఫోన్ తీసుకుని అదే నంబరుకు కలిపింది. "సార్, నేను నవనీతను, జితేందర్ భార్యను. ప్రింటర్ పని చేసింది నేనే. రేపు మిషన్లు అమర్చనీకె నేనే వస్త."

"మంచిది మేడమ్, పొద్దున్నే రండి," అన్నాడు ఆయన.

జితేందర్ మెల్లగా అడిగాడు. "నేను గూడ రావాల్నా?"

"రా," అంది నవనీత. "డబ్బాలు మొయ్యాలె గద."