మూతలమ్మ చేతి బిగువు

మూతలమ్మకు ఆ పేరు ఊరికే రాలేదు. నూనె డబ్బాలు కడిగి నింపే షెడ్డులో ఇరవై ఏళ్ళుగా మూతలు బిగించే పని ఆవిడదే. ఆవిడ బిగించిన మూత ఊడాలంటే ఇద్దరు మగవాళ్ళు, ఒక తడిగుడ్డ, నాలుగు బూతులు కావాలని అక్కడ చెప్పుకునేవారు. ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా "ఊరుకోండర్రా" అనేది గానీ, వాళ్ళు నిజంగా ఊరుకుంటే మాత్రం ఆవిడకు నచ్చేది కాదు. ఎవరో ఒకరు మళ్ళీ అనేదాకా అక్కడక్కడే తచ్చాడేది. మనిషన్నాక గొప్ప చెప్పుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి కదా! చదువు చూస్తే సున్నా. అందం అంతంత మాత్రం. వంట సంగతి ఇంట్లోవాళ్ళు మొహమాటానికి కూడా ఎత్తరు. ఇక మిగిలింది ఆ పిడికిలే.

ఆవిడ పక్కన నిలబడి రెండో వరస డబ్బాలకు మూతలు పెట్టేది సొంత తోడికోడలే. భారీ మనిషి, నెమ్మదస్తురాలు. మూతను రెండు తిప్పులు తిప్పి "చాల్లే" అని వదిలేసేది. మధ్యాహ్నం నూనె పోసేటప్పుడు మళ్ళీ తీసేదే కదా, దుమ్ము పడకుండా ఉంటే చాలదూ అని ఆవిడ వాదన. "నీ చేతిలో పస లేదే" అని రోజుకొక్కసారైనా అనకపోతే మూతలమ్మకు అన్నం అరిగేది కాదు.

ఆ నెలలో షెడ్డుకు ఆవిరి గొట్టం వచ్చింది. అంతకు ముందు చన్నీళ్ళతో కడిగేవారు. ఇప్పుడు బాయిలర్ మేస్త్రీ గొట్టం మూతిని డబ్బాలోకి దూర్చి బుస్సుమని ఆవిరి కొడితే జిడ్డంతా చిటికెలో వదిలిపోతోంది. పొగలు కక్కుతున్న డబ్బాకు, చేతికి గుడ్డ చుట్టుకుని మూత పెట్టేయడం, పక్కగదిలో వరసగా నిలబెట్టడం, భోజనాలకు పోవడం. ఇదీ కొత్త పద్ధతి. ఆవిరి కొట్టడం అవగానే మేస్త్రీ బాయిలర్ దగ్గరికి పోయేవాడు, మూతల వైపు చూసేవాడు కాదు.

ఆ కొత్త పద్ధతితోపాటే పీడా వచ్చింది. భోజనాలు చేసి వచ్చేసరికి రోజూ నాలుగైదు డబ్బాలు ఎవరో కడుపులో తన్నినట్టు లోపలికి నొక్కుకుపోయి కనిపించేవి. అన్నీ మొదటి వరసవే. అంటే మూతలమ్మవే. రెండో వరసకు చిన్న సొట్ట కూడా ఉండేది కాదు.

తోడికోడలికి మోకాళ్ళ నొప్పులు. మిగతావాళ్ళతో బయటి అరుగు దాకా నడవలేక ఆ గదిలోనే ఓ మూల కూర్చుని అన్నం తినేది. ఇంకేం కావాలి? మూతలమ్మకు లెక్క తేలిపోయింది.

"ఏమే, కూర్చోవడానికి నా డబ్బాలే దొరికాయా?"

"నేనెందుకు కూర్చుంటానక్కా? నా కళ్ళముందే డబుక్కుమని వాటంతటవే కుంగిపోతున్నాయి. ఒట్టు!"

"కుంగిపోవూ మరి! నిన్ను చూసి, ఎక్కడ కూర్చుంటుందోనని ముందే భయపడి కుంగిపోయుంటాయి."

కుళాయి దగ్గరున్న ఆడవాళ్ళంతా పడీపడీ నవ్వారు. తోడికోడలు మాత్రం నవ్వలేదు. మూతలమ్మ అంతటితో ఊరుకుందా? నా చేతికున్న పేరు చూసి ఓర్వలేకే ఇదంతా అని నేరుగా యజమాని దగ్గరికి పోయి చెప్పింది. డబ్బాలకు ఏమైందని బాయిలర్ మేస్త్రీని ఒక్క మాట అడిగితే పోయేది. కానీ దొంగ ఎవరో ముందే తెలిసినవాళ్ళు ఎవరినీ ఏమీ అడగరు.

యజమాని విసిగిపోయి ఉన్నాడు. "రేపు ఇంకొక్క డబ్బా పాడైనా సరే, ఆవిడ ఇక పనిలోకి రానక్కర్లేదు" అనేశాడు.

ఆ మాటతో మూతలమ్మకు గుండెలో కలుక్కుమంది. మొగుడు పోయిన దగ్గర్నుంచి తోడికోడలికి ఆ షెడ్డే ఆధారం. కానీ నోరు జారాక మాట వెనక్కి వస్తుందా? ఇంటికొచ్చాక తోడికోడలు గోడకవతల నుంచి ఒకే ఒక్క మాట అంది. "రేపు నువ్వే కాపలా ఉండక్కా. నేను ఎలాగోలా నడిచి గేటు దగ్గర తింటాను. లోపల్నుంచి గడియ పెట్టుకో."

"ఆహా, అలాగే!" అంది మూతలమ్మ.

మర్నాడు పంతం కొద్దీ మూతలన్నీ పళ్ళు బిగబట్టి మరీ బిగించింది. అందరూ భోజనాలకు వెళ్ళాక గడియ పెట్టుకుని, స్టూలు మీద కూర్చుని, ముద్ద కలుపుకుంది. ఇంక డబ్బాలకేమీ కాదు, దాంతో ఎవరి పనో లోకానికి తెలిసిపోతుంది, తర్వాత యజమాని కాళ్ళావేళ్ళా పడి తోడికోడలిని తనే కాపాడుతుంది. దొంగను పట్టించిన పేరూ తనకే, క్షమించిన పేరూ తనకే. ముద్ద నోటిదాకా వెళ్ళింది.

డబుక్!

మొదటి డబ్బా దానంతటదే నడుం వంచింది. ముద్ద ఒళ్ళో పడింది. డబుక్, డబుక్ అంటూ దాని పక్కది, ఆ పక్కది. "ఒరేయ్, ఎవర్రా అది!" అని అరిచింది మూతలమ్మ ఖాళీ గదిలో. గోడకు వీపు ఆనించి దేవుళ్ళందరినీ పిలిచింది. వాళ్ళు వచ్చేలోపల ఇంకో రెండు కుంగాయి.

కేకలు విని అందరూ పరుగెత్తుకొచ్చి తలుపు బాదారు. గడియ తీయబోతుంటే అప్పుడు తట్టింది ఆవిడకు: గది లోపల ఉన్నది తను. గడియ పెట్టింది తను. ఇన్నాళ్ళూ తను చెప్పిన న్యాయం ప్రకారం డబ్బాల మీద కూర్చున్నదీ తనే!

యజమాని డబ్బాలను చూశాడు. ఆవిడ మీద ఇరవై ఏళ్ళ నమ్మకం. "ఏంటి పెద్దమ్మా? పొద్దున్నే మీ తోడికోడలు నొక్కేసి పోయిందా?"

అవునంటే సరిపోయేది. దారి ఆయనే చూపించాడు. నాలుక కొసదాకా వచ్చింది కూడా. గుమ్మం అవతల తోడికోడలు అన్నం గిన్నె పట్టుకుని, ఏ మాట వస్తుందో ముందే తెలిసిపోయినదానిలా నేల చూస్తూ నిలబడింది.

"కాదయ్యా," అంది మూతలమ్మ. "వాటంతటవే కుంగిపోయాయి."

ఆ మాట తన నోట ఎంత వెర్రిగా ఉందో ఆవిడకే వినబడింది. జనం గొల్లున నవ్వారు. "ఇద్దరూ కలిసి ఒకటే కథ అల్లారా? అయితే ఇద్దరూ ఇంటికి పదండి," అన్నాడు యజమాని.

అప్పుడు బాయిలర్ మేస్త్రీ మూతి తుడుచుకుంటూ లోపలికొచ్చాడు. ఒక డబ్బాను గోటితో కొట్టి చూసి, "ఈ మూత ఎవరు పెట్టారత్తా?" అన్నాడు.

"నేనే."

"ఆవిరి పొగలు పోకుండానే?"

"దుమ్ము పడదూ!"

మేస్త్రీ తల కొట్టుకున్నాడు. "ఆవిరి లోపలున్న గాలినంతా తరిమేసి డబ్బా నిండా అదే కూర్చుంటుంది. చల్లబడిందా, ఓ గుక్కెడు నీళ్ళయి అడుక్కు పోతుంది. పైన ఖాళీ. ఉత్త గాలైనా అంతే, వేడికి ఉబ్బుతుంది, చల్లారితే ముడుచుకుంటుంది. మూత వదులుగా ఉంటే బయటి గాలి దూరి ఆ ఖాళీ నింపుతుంది. నువ్వు చీమ కూడా దూరకుండా బిగిస్తివి! లోపల ఎదురు తోసేది లేదు, బయట గాలి నాలుగు పక్కలా నొక్కుతోంది. పాపం, రేకేం చేస్తుంది?"

"గాలికంత బలమా?" యజమాని నమ్మలేదు. "చూపించు."

మేస్త్రీ రెండు డబ్బాలకు ఆవిరి పట్టాడు. ఒకదానికి తోడికోడలు రెండు తిప్పులు తిప్పి వదిలేసింది. రెండోదానికి మూతలమ్మ మూత పెట్టి, బిగించడానికి ముందు ఒక్క క్షణం ఆగింది. వదులుగా పెడితే డబ్బా నిలుస్తుంది, తన పేరూ నిలుస్తుంది. ఊపిరి బిగబట్టి, ఒంట్లో ఉన్న సత్తువంతా పెట్టి తిప్పింది.

అందరూ చుట్టూ నిలబడ్డారు. తోడికోడలి డబ్బా సుయ్యిమని సన్నగా గాలి పీలుస్తూ నిక్షేపంగా ఉంది. మూతలమ్మ డబ్బా ఎంతసేపటికీ ఉలకదు, పలకదు. తన డబ్బా పాడైపోవాలని తనే దండం పెట్టుకునే రోజొస్తుందని ఆవిడ కలలో కూడా అనుకోలేదు. "కుంగవే తల్లీ, కుంగవే" అని గొణిగింది.

డబుక్!

మూతలమ్మ చప్పట్లు కొట్టింది. కొట్టింది ఆవిడొక్కతే.

యజమాని పొట్ట పట్టుకుని నవ్వి, ఇకపై డబ్బాలు చల్లారాకే మూతలు పెట్టమన్నాడు. తోడికోడలిని పనికి పొమ్మన్నాడు. ఆవిడ కదల్లేదు.

"నన్ను కుళాయి దగ్గర పదిమందిలో అన్నావక్కా."

మూతలమ్మకు అర్థమైంది. కుళాయి దగ్గరికి పోయి, పదిమందినీ పిలిచి, "దీని మీద నింద వేసింది నేను, డబ్బాలు పాడు చేసిందీ నేను, బుద్ధి లేనిదాన్నీ నేనే," అని గట్టిగా చెప్పింది. చెప్తుంటే ఊపొచ్చింది. ముద్ద ఒళ్ళో పడ్డ సంగతి, ఖాళీ గదిలో "ఎవర్రా అది" అని అరిచిన సంగతి చేతులు తిప్పుతూ చెప్పేసరికి ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. చివరికి తోడికోడలి పొట్ట కూడా కదిలింది.

"ఇంకోసారి చెప్పక్కా," అంది. "ఆ ముద్ద దగ్గర్నుంచి."